ప్లాన్ మార్చుకున్నందుకు పోయిన 274 రోజుల చందా గురించి ఫిర్యాదు

తణుకు,
12 జులై 2025

వినియోగదారుల సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మీ ఆన్‌లైన్ పాఠాల యాప్‌లో మా అమ్మాయి కోసం ఏప్రిల్ 1న ఏడాది చందా కట్టాను. 3,650 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 4,307. మా అబ్బాయి ఈ ఏడు ఆరో తరగతిలోకి వచ్చాడు. ఇద్దరికీ పనికొస్తుందని జులై 1న మీ ఫ్యామిలీ ప్లాన్‌కి మారాను. దాని ధర 7,300. జీఎస్టీతో కలిపి 8,614 రూపాయలు నా ఖాతాలోంచి తీసుకున్నారు.

అప్పుడు నాకేమీ అనుమానం రాలేదు. సాయంత్రం రసీదు చూసి మా అమ్మాయే అడిగింది, "నాన్నా, పాత ప్లాన్‌లో ఇంకా తొమ్మిది నెలలు ఉండాలి కదా, అవేమయ్యాయి?" అని. యాప్‌లో చూస్తే పాత ప్లాన్ ముగిసినట్టు ఉంది. మేము వాడుకున్నది 91 రోజులు. మిగిలిన 274 రోజులకు ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు.

మీ చాట్‌లో అడిగాను. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే జవాబిచ్చింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. "కొత్త ప్లాన్ తీసుకోగానే పాతది ఆటోమేటిక్‌గా క్లోజ్ అయిపోతుంది సార్, పాలసీ అంతే" అంది. ఆ పాలసీ గురించే ఈ ఉత్తరం.

నాది పాత్రల కొట్టు. అజ్జరం ఇత్తడి సామాను అమ్ముతాం. పాత బిందె ఇచ్చి పెద్దది తీసుకుంటామని ఎవరైనా వస్తే పాతదాన్ని వాళ్ల ఎదురుగానే కాటా మీద పెడతాం. ఆ రోజు రేటు కట్టి కొత్తదాని ధరలోంచి తీసేసి, మిగతా డబ్బే అడుగుతాం. సొట్టలు పడిన బిందెకైనా తూకం తూకమే. పాత బిందె లోపల పెట్టేసుకుని కొత్తదానికి పూర్తి డబ్బు కట్టమంటే మా వీధిలో ఒక్కరోజు కూడా కొట్టు తెరవనివ్వరు. మీరు నా దగ్గర చేసింది మాత్రం అదే.

రోజుల లెక్క కట్టడం కష్టమని మీరు అనలేరు. "రోజుకు పది రూపాయలే" అని ప్రకటన ఇచ్చి నాకు ఈ చందా అమ్మింది మీరే. ఆ లెక్కనే 274 రోజులకు 2,740 రూపాయలవుతుంది. 7,300లోంచి అది తీసేస్తే 4,560, జీఎస్టీతో 5,380 రూపాయల 80 పైసలు. నేను కట్టింది 8,614. అంటే 3,233 రూపాయల 20 పైసలు ఎక్కువ తీసుకున్నారు. పోస్ట్‌పెయిడ్ సిమ్ ప్లాన్ నెల మధ్యలో మార్చుకున్నా మామూలుగా రోజుల లెక్కనే బిల్లు వస్తుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. మార్చి 31 దాకా ఆగి మారి ఉంటే నాకు పైసా నష్టం ఉండేది కాదు. మీ పాఠాలు నచ్చి, రెండో పిల్లాడిని కూడా ముందే చేర్పించినందుకు నష్టపోయాను. అప్‌గ్రేడ్ బటన్ ఉన్న తెరమీద కొత్త ధర పెద్ద అక్షరాల్లో ఉంది. మిగిలిన రోజులు పోతాయన్న మాట ఆ తెరమీద ఎక్కడా లేదు. తెలిస్తే నొక్కేవాణ్ణి కాదు. కొనేవాడికి తెలియాల్సిన విషయం కనపడకుండా తెరను తయారుచేయడం తప్పని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాణ్ణి తప్పుదారి పట్టించే తెర ఏర్పాట్లు) మీద ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ న్యాయ విభాగం వాళ్లకు ఇది తెలియకుండా ఉండదు.

ఎక్కువ తీసుకున్న 3,233 రూపాయల 20 పైసలు నా ఖాతాకే తిరిగి వేసి, బిల్లు తగ్గించినట్టు చూపే క్రెడిట్ నోట్ పంపండి. డబ్బు వెనక్కి ఇవ్వడం వీలుకాకపోతే అంత విలువకు, అంటే జీఎస్టీ కాక రోజుకు 20 రూపాయల లెక్కన 2,740 రూపాయలకు, ఫ్యామిలీ ప్లాన్‌ను 137 రోజులు పొడిగించండి, అంటే 2026 నవంబర్ 14 వరకు. రెండింటిలో ఏది చేసినా నాకు సమ్మతమే. దాంతోపాటు ఆ అప్‌గ్రేడ్ తెరను కూడా సరిచేయండి. పాత ప్లాన్‌లో ఎన్ని రోజులు మిగిలాయి, వాటికి ఎంత తగ్గుతుంది, ఇప్పుడు కట్టాల్సింది ఎంత అన్నది డబ్బు కట్టకముందే కనిపించాలి. నాలాగా ఇద్దరు పిల్లల కోసం ప్లాన్ మార్చుకునే తల్లిదండ్రులు ఇంకా ఉంటారు. వాళ్లలో చాలామంది రసీదు తిరిగి చూసుకోరు.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. పిల్లల చదువు మధ్యలో ఆగకూడదు కాబట్టి ఈలోగా ఫ్యామిలీ ప్లాన్ వాడుకుంటూనే ఉంటాం. అంతమాత్రాన మీ లెక్కకు నేను ఒప్పుకున్నట్టు కాదు.

రెండు రసీదులు, చాట్ కాపీ, జులై 1న తీసిన అప్‌గ్రేడ్ తెర ఫోటో జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ చందాదారుడు