నెల తక్కువ పిల్లల డిశ్చార్జి కార్డులో మెదడు పరీక్షకూ చోటివ్వండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రివర్యులకు నమస్కరించి వ్రాయునది.

మెదడు దెబ్బతిని కండరాలు, కదలికలు అదుపు తప్పే సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఫిజియోథెరపీ చేసే వృత్తిలో ఉండి, ఒక మార్పు కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. 32 వారాలు నిండకముందే పుట్టి ప్రభుత్వ ఎస్‌ఎన్‌సీయూల్లో (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగాల్లో) చేరిన ప్రతి బిడ్డకూ మెదడు అల్ట్రాసౌండ్ కనీసం రెండుసార్లు చేయించి, ఫలితాన్నీ తర్వాతి పరీక్షల తేదీలనూ డిశ్చార్జి కార్డులో రాసివ్వాలి.

ఆ పిల్లల మెదడు లోపలి గదుల అంచున ఉండే రక్తనాళాలు చాలా సున్నితం. రక్తపోటులో, ఊపిరిలో వచ్చే ఒడుదొడుకులకు అవి చిట్లుతాయి. ఈ రక్తస్రావం ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది. మాడు ఇంకా మూసుకోదు కనుక దానిమీద ప్రోబ్ ఆనించి, బిడ్డను వార్మర్ మీద నుంచి కదపకుండానే చూడవచ్చు. అయితే రక్తప్రసారం తగ్గి తెల్ల పదార్థం (మెదడులో నరాల తంతువులుండే భాగం) దెబ్బతిన్నచోట ఏర్పడే నీటి తిత్తులు రెండు నుంచి నాలుగు వారాలు గడిస్తే గాని స్కాన్‌లో కనబడవు. అందుకే మొదటి వారంలో ఒకసారి చూసి ‘నార్మల్’ అని రాస్తే సరిపోదు. కాళ్లను కదిలించే నరాల తంతువులు ఆ గదుల పక్కనుంచే పోతాయి కాబట్టి, ఈ పిల్లల్లో చేతులకన్నా కాళ్లే ఎక్కువగా బిగుసుకుంటాయి.

మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి రెండేళ్లు దాటుతాయి. గుడ్డలు మార్చేటప్పుడు తొడలు విడదీయడం కష్టమయ్యేదనీ, ఎత్తి నిలబెడితే కాళ్లు కత్తెరలా పెనవేసుకునేవనీ తల్లి ఏడెనిమిది నెలలప్పుడే గమనించి ఉంటుంది. ‘నెల తక్కువ బిడ్డ కదా, నడక ఆలస్యమవుతుందిలే’ అని ఇంట్లో పెద్దలే కాదు, ఒక్కోసారి మన సిబ్బందీ సర్దిచెబుతారు. రెండు నెలలు ముందు పుట్టిన బిడ్డ ఆరో నెలలో నాలుగు నెలల పిల్లల పనులే చేస్తుందన్న లెక్క నిజమే. కండరాల బిగువుకు మాత్రం ఆ లెక్క వర్తించదు.

కాన్పుకు ముందే చేయదగినవీ ఉన్నాయి. నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణికి డెక్సామెథాసోన్ తొలి డోసు ఏఎన్‌ఎం ఇచ్చి పై ఆసుపత్రికి పంపవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. ఊపిరితిత్తుల కోసమని అందరికీ తెలిసిన ఆ ఇంజెక్షన్ మెదడులో రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది. గుర్రపువాతానికి (గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే మూర్ఛలకు) వాడే మెగ్నీషియం సల్ఫేట్‌ను 32 వారాలలోపు కాన్పు తప్పదన్నప్పుడు ఇస్తే సెరిబ్రల్ పాల్సీ ముప్పు తగ్గుతుంది. ఇవి ఎందరికి అందుతున్నాయో కేస్ షీట్లు తిరగేయిస్తే తెలుస్తుంది.

నేను కోరేదానికి కొత్త పథకం అక్కర్లేదు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే కింద ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రాలున్నాయి. స్కాన్ బాగున్న పిల్లలకూ దెబ్బ తగిలి ఉండవచ్చు కనుక, అందరికీ రెండేళ్లదాకా అక్కడ పరీక్షల తేదీలు ముందే ఇవ్వాలి. కంటి పరీక్ష తేదీ రాసివ్వడం చాలాచోట్ల ఇప్పటికే అలవాటైంది. గర్భిణుల కోసం తిరిగే 102 వాహనాలను ఈ తల్లులకూ అనుమతిస్తే కూలి పోగొట్టుకున్నా చార్జీలైనా మిగులుతాయి.

స్కాన్ చేసే రేడియాలజిస్టులు అన్నిచోట్లా లేరన్న అభ్యంతరం రావచ్చు. నవజాత శిశు నిపుణులు పెద్దాసుపత్రుల్లో ఈ స్కాన్ స్వయంగా చేసుకుంటున్నారు. ఎస్‌ఎన్‌సీయూ పిల్లల వైద్యులకు ఆ శిక్షణ ఇప్పించి, కార్డు మార్పుకు ఉత్తర్వులు జారీ చేయించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ఫిజియోథెరపిస్ట్