చిన్నాకి, మకావు పది పటాకాల నోటు గురించి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. రెండూ 1963 నాటి మకావు పది పటాకాల నోట్లే. హాంకాంగ్ పక్కనున్న మకావు అప్పట్లో పోర్చుగీసువాళ్ల ఏలుబడిలో ఉండేది, పటాకా అక్కడి డబ్బు. ఫెళఫెళలాడే కొత్తదానికి ఎక్కువ రేటు చెబుతున్నారు, మడతలు పడ్డదానికి తక్కువ, ఏది తీసుకోమంటావని అడిగావు. మడతలు పడ్డదే తీసుకో. ఎందుకో రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఆ కొత్తదాని మీద నాకు అనుమానంగా ఉంది. ఇలాంటి నోట్లలో బొమ్మా, పెద్ద అక్షరాలూ వేసే చోట సిరా కాగితం మీద కాస్త ఉబ్బుగా నిలుస్తుంది. వేలి కొసతో మెల్లిగా తడిమితే తగులుతుంది. పాత నోటును నీళ్లలో ఉతికి, బరువు కింద అణిచి కొత్తదానిలా చేస్తే ఆ ఉబ్బు అణిగిపోతుంది. కాగితం కూడా జీవం లేనట్టు పాలిపోతుంది. నువ్వు పంపిన ఫోటోలో సరిగ్గా మధ్యలో సన్నటి నిలువు గీత ఒకటి కనిపిస్తోంది. ఒకప్పుడు మడత పడ్డ నోటును తర్వాత సాపు చేశారనిపిస్తోంది. ఫోటో చూసి తేల్చి చెప్పకూడదు గానీ, షాపులో దాన్ని లైటుకు ఏటవాలుగా పట్టి చూడు. లైటుకు ఎదురుగా పడితే వాటర్‌మార్కు తెలుస్తుంది, ఏటవాలుగా పడితేనే మడతలు బయటపడతాయి. అంచులు కూడా చూడు. చిరుగులు కనబడకుండా కత్తిరిస్తారు కొందరు. అప్పుడు నాలుగు వైపులా తెల్ల మార్జిన్ సమానంగా ఉండదు.

రెండో నోటులో ఏ దాపరికమూ లేదు. నాలుగు మడతలు, ఒక మూల కొంచెం మాసింది, అంతే. ఎవరి జేబులోనో, ఏ గల్లాపెట్టెలోనో తిరిగిన నోటు. ఆల్బమ్‌లో పెట్టుకోవడానికి నాకు అదే కావాలి.

దాని కుడివైపు ఉన్నాయన బిషప్ బెల్షియోర్ కార్నైరో. 1569లో మకావులో శాంతా కాజా అనే ధర్మసంస్థను మొదలుపెట్టింది ఆయనే. కుష్ఠురోగులకు కూడా ఆశ్రయం కట్టించాడు. పాలకుడి బొమ్మ కాకుండా ఇలాంటి మనిషి బొమ్మ వేయడం నాకు నచ్చింది.

కానీ నేను అసలు చూసేది బొమ్మను కాదు, నోటు మీద పక్కపక్కనే ఉన్న పోర్చుగీసు, చైనీస్ రాతలను. పోర్చుగీసువాళ్లు 1550ల నుంచి మకావులో ఉన్నా, బజారులో చెల్లింది మాత్రం వెండే. మెక్సికో వెండి డాలర్లు, కాంటన్ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) వైపు నుంచి వచ్చిన నాణేలు, ఆ తర్వాత హాంకాంగ్ నోట్లు. చైనా వర్తకులు వెండి డాలరును తూచి, పరీక్షించి, మంచిదని తేలాక దాని మీద తమ ముద్ర గుద్దేవాళ్లు. అలాంటి బజారులోకి 1906లో లిస్బన్‌కి చెందిన బాంకో నాసియొనాల్ అల్ట్రామరీనో అనే బ్యాంకు పటాకా నోట్లు తెచ్చింది. ఇన్నేళ్లు క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని కదా, ఆ మొదటి రోజులే నా కళ్ల ముందు మెదులుతాయి. పోర్చుగీసు ముక్క రాని బియ్యం వ్యాపారి ఆ కాగితాన్ని ఎందుకు నమ్మాలి? బ్యాంకు పేరూ, ఎంత సొమ్మో తనకొచ్చిన అక్షరాల్లో ఉంటేనే కదా చేత్తో పట్టుకునేది! పరిపాలన పోర్చుగీసువాళ్లదే అయినా, నోటు చెల్లాలంటే ఆ వ్యాపారి సరేననాలి. చైనా భాషకు అక్కడ అధికార భాష హోదా 1991 ఆఖరు దాకా రాలేదు. నోటు మీద మాత్రం మొదటి నుంచీ ఉంది. చట్టం కన్నా బజారే ముందు ఒప్పుకుంది చూడు.

ఇంకో సంగతి గమనించు. చైనీస్‌లో మామూలుగా ఒకటి అంటే ఒక అడ్డగీత. దాని మీద నిలువుగీత గీస్తే పది అయిపోతుంది! అందుకే డబ్బు వ్యవహారాల్లో దిద్దడానికి వీల్లేని, గీతలెక్కువున్న వేరే అంకెలు వాడతారు. మనం చెక్కు మీద అంకె వేసి, పక్కన అక్షరాలా రాసినట్టన్నమాట. నీ నోటు మీద పది కూడా ఆ పద్ధతిలోనే ఉంటుంది. షాపతన్ని అడిగితే చూపిస్తాడు.

తాతయ్య పెట్టెలో దొరికిన ఉస్మానియా సిక్కా నోటు నీకు తెలుసు కదా. నిజాం కొలువులో ఉర్దూదే పైచేయి, అయినా నోటు మీద తెలుగు, మరాఠీ, కన్నడ కూడా వేయక తప్పలేదు. ఆల్బమ్‌లో ఈ రెండింటినీ ఒకే పేజీలో పెడతాను.

మకావులో 1952 దాకా సొంత నాణేలే లేవు. పటాకాలో నూరో వంతు ఆవో. ఆ చిల్లరను కూడా చిన్న చిన్న కాగితం నోట్లుగానే వేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బయటి నుంచి నోట్లు వచ్చే దారి మూసుకుపోతే 1944లో మకావులోనే అచ్చు వేసుకున్నారు. ఆ రెండు రకాల్లో ఏది కనబడినా ఫోటో తీసి పంపు. యుద్ధకాలపు నోటైతే రేటు అడిగి వదిలెయ్, తొందరపడి కొనకు. అందులో నాకింకా తెలుసుకోవాల్సింది ఉంది. ఆవోల నోట్లు చవగ్గా దొరికితే ఒకటి తీసుకో.

డబ్బిచ్చే ముందు రసీదు అడుగు. దాని మీద నోటు తేదీ, నంబరు రాయించు. మామూలు ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు. పీవీసీ అయితే కొన్నాళ్లకి జిగురు వదిలి నోటుకు అంటుకుంటుంది. నోట్ల కోసం అమ్మే పాలిస్టర్ కవరు అడిగి తీసుకో. సెల్లోటేపు దగ్గరికి రానివ్వకు, లామినేషన్ మాట ఎత్తకు. హాంకాంగ్‌లో తేమ ఎక్కువ, కాబట్టి బాత్రూం పక్క గోడకున్న అల్మరాలో కాకుండా నీ ఆఫీసు కాగితాల ఫైల్లో పెట్టు. వచ్చేటప్పుడు రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతి సంచిలోనే తీసుకురా, చెక్-ఇన్ సామాన్లో వేయకు.

వేళకి తిను. శనివారం ఫోన్ చెయ్, షాపతను చివరికి ఎంతకి ఇస్తానన్నాడో చెబుదువు.

అమ్మ