అది ఫిరంగుల ఓడ కాదండీ

సంపాదకుల వారికి నమస్కారం.

మన నేవీ ఓడ ఐఎన్‌ఎస్ మగర్ 2023 మే 6న కొచ్చిలో రిటైరైందని మీ పత్రిక లోపలి పేజీలో నాలుగు లైన్లు వేశారు, సంతోషం. కానీ పక్కన ఉన్న ఫొటో దానిది కాదు, క్షిపణులున్న ఇంకేదో నౌకది. మగర్ ముఖ్యమైన పని సైనికులను, బండ్లను ఒడ్డుకు మోయడం. దాని కడుపులోకి లారీ ఎక్కించినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను.

1992లో ఒక విన్యాసం కోసం విశాఖలో మా ఆర్మీ బండ్లను అందులోకి ఎక్కించారు. నాది శక్తిమాన్ లారీ. చిత్తూరు వాణ్ణి, అంతవరకు నాకు సముద్రమంటే మద్రాసు మెరీనా బీచ్‌లో సుండల్ (శనగ గుగ్గిళ్లు) తినడమే. మగర్ అంటే హిందీలో మొసలి. ముందు తలుపులు రెండూ తెరుచుకుని ర్యాంపు కిందికి వాలినప్పుడు ఆ పేరెందుకు పెట్టారో అర్థమైంది. బండిని రివర్స్‌లో ఎక్కించాలి, అవతలి ఒడ్డున ముందుకే దిగిపోవడానికి. మా ఊళ్లో మామిడి లారీలు ఫ్యాక్టరీ గేటు దగ్గర కట్టే క్యూ గుర్తొచ్చింది. లోపలంతా డీజిల్ పొగ. చక్రాల కింద దిమ్మలు, చుట్టూ గొలుసులు. నేలకు దగ్గరగా రావాలని ఓడ అడుగు చదునుగా కడతారట, అందుకే అల కాస్త పెద్దదైతే ఊగుడే ఊగుడు. ఆ రాత్రి తిన్నదేదీ కడుపులో నిలవలేదు.

1987 జులైలో కలకత్తా గార్డెన్ రీచ్ షిప్‌యార్డులో నేవీలో చేరిన ఓడ అది. 2004 సునామీ తర్వాత 1,300 మందికి పైగా బాధితులను తరలించింది. 2018లో శిక్షణ నౌకగా మార్చినా, కరోనాలో మళ్లీ మాల్దీవుల రాజధాని మాలె వెళ్లి అక్కడున్న మనవాళ్లు 202 మందిని కొచ్చికి తెచ్చింది. టీవీల్లో మాత్రం 698 మందిని తెచ్చిన ఇంకో నేవీ ఓడ జలాశ్వ పేరే మోగింది. తప్పు కాదులెండి, అదీ మోసే ఓడే.

మగర్ తోడుది ఘరియల్. మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిందే, 1997లో చేరి ఇంకా పనిచేస్తోంది. అది రిటైరయ్యాక, ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని పెట్టినట్టు, జనం చూసేలా పెట్టాలని మీరు రాయండి. జలాంతర్గామిని ఒడ్డుకు లాగాల్సి వచ్చింది, దీనికైతే ఒడ్డుకు రావడమే ఉద్యోగం. ఆ వార్త వేసేటప్పుడైనా నోరు తెరిచిన ఫొటో వేయండి.

– ఒక విశ్రాంత హవల్దార్ డ్రైవర్, గ్రీమ్స్‌పేట, చిత్తూరు