ఆపరేషన్ చేశారు సరే, నడిపించేదెవరు?

సంపాదకులు గారికి,

డెబ్బై ఏళ్లు దాటిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు ఆస్పత్రి వైద్యాన్ని ఆయుష్మాన్ భారత్ కింద ఉచితం చేస్తూ 2024లో కేంద్రం తీసుకున్న నిర్ణయం ఎంతైనా హర్షణీయం. అయితే ఆ పథకం డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చులతోనే ఆగిపోతుంది. తుంటి విరిగిన పెద్దవారు మళ్లీ తమంతట తాము నడవాలంటే నెలల తరబడి వ్యాయామం చేయించాలి.

మా అత్తగారు స్నానాల గది గడప తట్టుకుని పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికి పంపేటప్పుడు మందుల చీటీ రాసిచ్చి, వాకర్ కొనుక్కోమన్నారే తప్ప, దాని పిడి మణికట్టు ఎత్తుకు వచ్చేలా ఎలా సరిచేసుకోవాలో, లేచి నిలబడేటప్పుడు బరువు ఏ కాలిమీద మోపాలో ఎవరూ చూపించలేదు. మళ్లీ పడతానన్న భయంతో ఆవిడ మంచం దిగడమే మానేశారు. కదలకపోవడంతో తొడల్లో కండ తరిగిపోయింది, ఆ నీరసంతో భయం ఇంకా పెరిగింది.

ఆ వయసులో పోయిన బలం తిరిగి రాదని చాలామంది వైద్య సిబ్బంది కూడా నమ్ముతారు. అది నిజం కాదు. తొంభై ఏళ్ల వయసున్న వృద్ధాశ్రమవాసులతో ఎనిమిది వారాల పాటు బరువులెత్తించి అమెరికాలో 1990లో ప్రచురించిన అధ్యయనం పదిమందితో చేసినదే అయినా, వారి కాళ్ల బలం రెట్టింపు దాటింది. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంట్లోనే చేసుకునే కాళ్ల వ్యాయామాలు, నిలకడ సాధించే కసరత్తులు రూపొందించి పరీక్షించగా, పడిపోవడం దాదాపు 35 శాతం తగ్గింది. వీటిని శిక్షణ పొందిన నర్సులు నేర్పినా ఫలితం వచ్చిందన్నది మనకు అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే ఫిజియోథెరపిస్టు లేని మండలాల్లోనూ ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్‌లు, తెలంగాణలో పల్లె దవాఖానాలు ఉన్నాయి.

చూపు సంగతీ ఇందులో భాగమే. హైదరాబాద్ వృద్ధాశ్రమాల్లో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ జరిపిన అధ్యయనంలో చూపు తగ్గడానికి ప్రధాన కారణాలుగా తేలినవి శుక్లాలు, సరైన కళ్లజోడు లేకపోవడం. రెండూ సరిచేయగలిగినవే. గడప కనిపించని మనిషికి ఎన్ని కసరత్తులు నేర్పి ఏం లాభం?

విదేశీ ఫలితాలను ఉన్నవున్నట్టు తెచ్చుకోమని నేను అనడం లేదు. నేలమీద కూర్చుని లేవడం, ఎత్తు గడపలు, తడి పెరళ్లు మన ఇళ్లలో ఉన్నంతగా అక్కడ ఉండవు. తెలుగువారు ఎక్కువగా ఉండే కోలారు జిల్లా శ్రీనివాసపురం పల్లెల్లో బెంగళూరు శాస్త్రవేత్తలు పెద్దల మెదడు ఆరోగ్యాన్ని ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. అంతే ఓపికగా మన వైద్య కళాశాలలు కూడా కొన్ని మండలాలను ఎంచుకుని, క్లినిక్ నర్సులకు ఈ వ్యాయామాలు నేర్పి, ఏడాదిలో ఎందరు పడ్డారో, ఆపరేషన్ అయినవారిలో ఎందరు తిరిగి నడిచారో లెక్కగట్టి ప్రకటించాలి. ఆ ఫలితాలు వచ్చేలోగా, తుంటి ఆపరేషన్ ప్యాకేజీలోనే కనీసం మూడు నెలల ఇంటివద్ద ఫిజియోథెరపీని చేర్చాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, తెనాలి