ఉత్సవం సిర్పూర్ నుంచి మొదలుకావాలి

సంపాదకుడి గారికి నమస్కారం.

మహారాష్ట్రలోని చంద్రపూర్ నగర జన్మదినం ఏ తేదీన జరపాలన్న వాదన ఈమధ్య మా బల్లార్‌పూర్ (బల్లార్షా) టీ కొట్టు దాకా వచ్చింది. ఊరు కట్టిన గోండు రాజు ఖాండ్క్యా బల్లాల్ షాది 15వ శతాబ్దమని చాలామంది రాశారు, ఇంకా ముందేనని కొందరు రాశారు. సంవత్సరం దగ్గరికొచ్చేసరికి ఒకరికొకరికి పొసగదు. తేదీ గురించి నాకేం టెన్షన్ లేదు. ఉత్సవమంటూ చేస్తే అందులో సిర్పూర్ ఉండాలి, తెలుగు ఉండాలి. నా గోల అదొక్కటే.

చాందా (చంద్రపూర్ పాత పేరు) గోండు రాజుల తొలి రాజధాని సిర్పూర్. ఇప్పుడది తెలంగాణలో, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. ఖాండ్క్యా రాజుకు ఒళ్ళంతా కణుతులు లేచి ఏ మందుకూ తగ్గకపోతే, రాణి మాట విని సిర్పూర్ వదిలి వర్ధా నది ఇవతలి ఒడ్డున కోట కట్టుకున్నాడట. అదే మా బల్లార్‌పూర్. ఒకనాడు వేటకెళ్ళి, దప్పికై, ఎండిన ఝర్‌పట్ వాగులో చెలమ నీళ్ళు తాగి మొహం కడుక్కున్నాడు. ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది, తెల్లారి రాణి చూస్తే కణుతులు లేవు. ఆ చెలమను తవ్విస్తే రాతిలో ఐదు ఆవు గిట్టల గుర్తులు బయటపడ్డాయి, వాటి నిండా నీళ్ళే. అచలేశ్వర్ గుడి వెలిసింది అక్కడే. తర్వాత నుదుట తెల్లమచ్చ ఉన్న కుందేలొకటి రాజుగారి కుక్కను తరిమింది. ఆ రెండూ పరుగెత్తిన జాడ వెంటే చంద్రపూర్ కోటగోడ కట్టమన్నది కూడా రాణే. (కుందేలు కథ హంపికీ చెబుతారు, దాన్ని పట్టుకుని తేదీ తేల్చలేం.)

కథ సంగతి ఎలా ఉన్నా గోడ మాత్రం కళ్ళెదుట ఉంది. చుట్టుకొలత 11 కిలోమీటర్ల పైమాటే. జట్‌పురా, అచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్బా అని నాలుగు దర్వాజలు, అవికాక ఐదు ఖిడ్కీలు, అంటే చిన్న దర్వాజలు. దర్వాజల మీద ఏనుగును అణగదొక్కుతున్న సింహం ఉంటుంది, గోండు రాజుల గుర్తు అది. 2017లో స్థానిక యువకులు శ్రమదానం చేసి బురుజుల మీద మొలిచిన చెట్లు కొట్టేయబట్టి గోడ మళ్ళీ గోడలా కనబడింది. ఝర్‌పట్‌కే ఆ భాగ్యం పట్టలేదు. రాజు మొహం కడుక్కున్న వాగులో ఇప్పుడు గుర్రపుడెక్క, మురుగు.

మా నాన్న కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పని నేర్చుకుని బల్లార్‌పూర్ మిల్లుకు వచ్చారు. రాజు వచ్చిన దారే, కాకపోతే రైల్లో! ఇక్కడి బొగ్గు గనుల్లో కూడా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు బోలెడుమంది. మా పిల్లలు మరాఠీలో చదువుకున్నారు, మంచిదే. కానీ సిర్పూర్ ఈ ఊరికి తల్లిగారిల్లని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

చైత్రంలో చంద్రపూర్ మహాకాళి జాతరకు నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ జనం వస్తారు. ఆ గుడి కట్టించింది గోండు రాణి హీరాయి. భర్త బీర్ షా సమాధి కట్టించిందీ ఆమే. పోయిన జాతరలో మంచిర్యాల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ అచలేశ్వర్ దర్వాజ కింద నిలబడి, "ఇది నిజాం కట్టించిందా బిడ్డా?" అని నన్నడిగింది. ఆమె తప్పేం లేదు. నాకు అక్కడ కనబడిన బోర్డులు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉన్నాయి. ఈ ఊరు కట్టినవాళ్ళ గోండీ కూడా వాటిమీద లేదు.

జన్మదినం ఏ రోజున పెట్టుకున్నా సరే, ఊరేగింపు సిర్పూర్ కోట దగ్గర మొదలై, బల్లార్‌పూర్ మీదుగా చంద్రపూర్ చేరాలి. రెండు రాష్ట్రాల అధికారులు కలిసి కూర్చుంటే అదేమంత పెద్ద పని కాదు. వచ్చే జాతరలోపు నాలుగు దర్వాజల దగ్గరా గోండీ, తెలుగు బోర్డులు పెట్టాలి. తెలుగులో రాసిపెట్టడానికి మా వాడవాళ్ళం సిద్ధం, పైసా అడగం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు ఉద్యోగి,
బల్లార్‌పూర్, చంద్రపూర్ జిల్లా