నాంటన్ వెళ్లేవాళ్లకి

నాంటన్ కెనడాలోని అల్బర్టాలో ఉన్న ఊరు, కాల్గరీ నుంచి హైవే 2 మీద దక్షిణంగా గంట ప్రయాణం. బాంబర్ కమాండ్ మ్యూజియంలో ఇంజిన్లు నడిపే రోజు వెబ్‌సైట్‌లో చూసుకునే బయల్దేరండి. మామూలు రోజు అక్కడి లాంకాస్టర్, అంటే రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానం, హాల్లో మౌనంగా నిలబడి ఉంటుంది. ఎఫ్ఎం159 అనే ఈ విమానాన్ని 1960లో ఊరివాళ్లే ముగ్గురు కొన్నారు.

దీనికి నాలుగు మెర్లిన్ ఇంజిన్లు, ఒక్కోటి 12 సిలిండర్లు, 27 లీటర్లు. స్టార్ట్ అవగానే జోరు పెంచరు, ఆయిల్ వేడెక్కాలి. కాబట్టి మధ్యలో వెళ్లిపోకండి, అసలు మోత ఆ తర్వాతే. పిల్లలకి చెవి మఫ్‌లు తప్పనిసరి. విమానం వెనకవైపు నిలబడితే దుమ్మంతా మొహానికే, టోపీలు ఎగిరిపోతాయి. లోపలికి ఎక్కే అవకాశం దొరికితే విమానం లోపల అడ్డంగా ఉండే రెక్కల దూలం దాటాలి, అది నడుం దగ్గరికొస్తుంది. చీర, చెప్పులు వద్దు.

తర్వాత పాత రైలు కట్ట పక్కనున్న చెక్క ధాన్యం ఎలివేటర్లు, అంటే ధాన్యం నిల్వచేసి రైలుకెక్కించిన ఎత్తైన కట్టడాలు, చూడండి. గోడలు పలకలు నిలబెట్టి కట్టినవి కావు. పడుకోబెట్టి, ఒకదానిమీద ఒకటి మేకులతో దిగ్గొట్టినవి. గింజల ఒత్తిడికి నిలబడ్డం అందుకే. అప్పట్లో పని ఇలా సాగేది: ట్రక్కు తూకం, గుంటలోకి గింజ, బకెట్ల బెల్టు మీద పైకి, గదుల్లో నిల్వ, తర్వాత గొట్టంలో రైలు పెట్టెలోకి.

వేసవైనా గాలి ఆపే కోట్లు మర్చిపోవద్దు.