ఆ 60 రోజులే కాదు, ఇంకో 60 రోజులున్నాయి

సంపాదకులకు నమస్కారం,

అమెరికాలో లేఆఫ్‌లు అనగానే మీ పేపర్లో జాబ్ పోయాక హెచ్‌1బీ వర్క్ వీసా వాళ్ళు ఇక్కడ ఉండటానికిచ్చే 60 రోజుల గడువు గురించే వస్తుంది, తప్పేం లేదు, అది చిన్న టెన్షనా. కానీ హెల్త్ ఇన్సూరెన్స్‌కి కూడా ఒక 60 రోజుల లెక్కుంది, దాని ఊసు ఎక్కడా కనపడదు. పోయినేడు నా జాబ్ పోయినప్పుడు నేనూ వీసా గోలలో పడి మర్చిపోయా, "పాపకేమన్నా అయితే ఎట్లా" అని మా ఆవిడ అడిగాక గానీ వెలగలేదు.

కవరేజ్ ఏ రోజు దాకా అన్నది ముందు హెచ్‌ఆర్‌ని అడగాలి. కొన్ని కంపెనీల్లో ఆఖరి రోజుతోనే కట్, కొన్నిట్లో నెలాఖరు దాకా ఉంటుంది, మాది నెలాఖరు కాబట్టి మందుల రీఫిల్స్, పాప టీకాలు గబగబా కానిచ్చేశాం.

తర్వాత కోబ్రా, పేరుకు తగ్గట్టే కాటేస్తది. 20 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీలకు వర్తించే చట్టం, పాత ప్లాన్‌నే మామూలుగా 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కాకపోతే కంపెనీ కట్టే వాటా కూడా మన నెత్తిమీదే, దానిపైన ఇంకో 2 శాతం. జీతంలో నాలుగొందల డాలర్లు పోయే నాకు నెలకి రెండు వేల పైచిలుకు బిల్లు చూసి కళ్ళు తిరిగాయి. కానీ దాన్ని వెంటనే తీసుకోనక్కర్లేదు, నోటీసు వచ్చిన రోజు, కవరేజ్ పోయిన రోజు, రెండిట్లో ఏది వెనకైతే అక్కణ్నుంచి 60 రోజులు టైముంది, తీసుకున్నాక మొదటి డబ్బు కట్టడానికి ఇంకో 45 రోజులు, పైగా ఆ గడువులో ఎప్పుడు తీసుకున్నా కవరేజ్ మాత్రం పాతది పోయిన రోజు నుంచే ఉన్నట్టు లెక్క. కవరేజ్ పోయాక 23వ రోజున పాప ఉయ్యాల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది, అప్పుడు కోబ్రా తీసుకున్నాం. హాస్పిటల్‌కి ముందు మా చేతి డబ్బులే కట్టాం, తర్వాత క్లెయిమ్ వేస్తే వచ్చాయి. ఆ ఏడాది అప్పటికే కట్టిన డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన ఖర్చు) కూడా అట్లాగే ఉంది, కొత్త ప్లాన్ అయితే మళ్ళీ సున్నా నుంచి మొదలు.

మార్కెట్‌ప్లేస్‌కి (మనంతట మనం ఇన్సూరెన్స్ కొనుక్కునే ప్రభుత్వ వెబ్‌సైట్) కూడా కవరేజ్ పోయాక 60 రోజులే, కానీ దానికి వెనక తేదీ లేదు, ప్లాన్ ఎంచుకున్నాక వచ్చే నెల ఒకటో తేదీ నుంచే. వీసా వాళ్ళకి అది రాదని వాట్సాప్‌లో ఎవరో అంటే నమ్మేశా, హెచ్‌1బీ, హెచ్‌4 (వాళ్ళ భార్యాభర్తలు, పిల్లల వీసా) వాళ్ళు కూడా కొనుక్కోవచ్చు. ఆ 60 రోజుల్లోపే మేం కోబ్రా నుంచి అటు మారాం, గడువు దాటాక కోబ్రా భారమని మధ్యలో మానేస్తే మాత్రం మళ్ళీ నవంబర్‌లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ (ఏటా అందరూ ప్లాన్ కొనుక్కునే సమయం) దాకా ఆగాల్సిందే.

భార్యకో భర్తకో జాబ్ ఉంటే వాళ్ళ ప్లాన్‌లో చేరడం అన్నిటికన్నా సులువు, కానీ అక్కడ కవరేజ్ పోయాక చాలావరకు 30 రోజులే. మా ఫ్రెండ్ ఇదీ 60 అనుకుని 40వ రోజున వెళ్తే కుదరదన్నారు.

ఇంకోటి, ఫోన్ చేసి చవకగా షార్ట్ టర్మ్ ప్లాన్లు (కొద్ది నెలలకే ఉండే ఇన్సూరెన్స్) అంటగట్టే వాళ్ళుంటారు, వాటిల్లో పాత జబ్బులకి మామూలుగా కవర్ ఉండదు, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు జాగ్రత్త.

ఈసారి లేఆఫ్ వార్త వేసేటప్పుడు పక్కన ఒక చిన్న బాక్స్‌లో ఈ 30, 45, 60 కూడా వేయండి, మా అమ్మానాన్నల్లాంటి వాళ్ళు అది కట్ చేసి పిల్లలకి ఫొటో తీసి పంపుతారు.

ఇట్లు,
డల్లాస్ నుంచి మీ పాఠకుడు